వీరస్వర్గం ఏ దిక్కున ఉంది

ధర్మి పుస్తకం చదవడం మొదలుపెడితే ఎక్కడా ఆగేది కాదు. వాక్యం అయిపోయినా, పేరా మారినా, ఒక ప్రకరణం ముగిసి ఇంకోటి మొదలైనా ఆమెకు ఒకటే. ఊపిరి అందనప్పుడే ఆగేది. "ఆగవే పిల్లా, గీడికి మాట అయిపోయింది" అని లస్మవ్వ అంటే అక్కడికి వాక్యం అయిపోయినట్టు. లస్మవ్వకు అక్షరం ముక్క రాదు. అయినా మా వసారాలో పుస్తకాలకు చుక్కలు పెట్టే పని ఆమెదే.

మాది బాన్సువాడలో బస్టాండు వెనక సందు. ఇంటి ముందు రేకుల వసారా ఉండేది. పొద్దుటి పనులయ్యాక అయిదారుగురు ఆడవాళ్లం అక్కడ చేరి, ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లం. చేతులకు పని ఉంటుంది, నోటికి ఉండదు. ఖాళీ నోరు ఊరుకోదు కదా, ఊళ్లో వాళ్ల సంసారాలన్నీ అక్కడే ఉతికి ఆరేసేవాళ్లం. ఒకనాడు తంబాకు పొట్లం కట్టిన వారపత్రిక కాగితాన్ని ధర్మి విప్పి, అందులో ఉన్న కథ ముక్కను పైకి చదివింది. ఒకామె అత్తగారింటి మేడ మీంచి దూకబోతుండగా కాగితం అయిపోయింది. మిగతా కథ కోసం మేమంతా గిలగిల్లాడిపోయాం. ఆమె దూకిందో లేదో ఇవాళ్టికీ తెలియదు కానీ, మా వసారాలోకి చదువు వచ్చింది ఆ రోజే.

చదువుతూ బీడీ చుట్టడం కుదరదు. అందుకని ధర్మి చదివినంతసేపూ ఆమె వంతు బీడీలు మేం చుట్టేవాళ్లం. తలా ఇన్ని ఆమె చాటలో వేసేవాళ్లం. కార్ఖానాలో బీడీలు ఏరే ఆయన ఆమె కట్ట విప్పి, "నీ బీడీలు ఒక్కోటి ఒక్కో తీరు ఉంటయేంది? నీకు ఎన్ని చేతులున్నయ్?" అని విసుక్కునేవాడు. ధర్మి నవ్వి ఊరుకునేది.

ఆమెది పెద్ద కొడప్‌గల్ దగ్గర తండా. హాస్టల్లో ఉండి ఏడో తరగతి దాకా చదివింది. మెట్టింది నస్రుల్లాబాద్ దిక్కు తండాలో. అద్దాల రవికె, ముంజేతి నుంచి భుజం దాకా తెల్లటి గాజులు, ఆ గాజుల చేతుల్లో లావుపాటి నవల. వింతగా చూడని వాళ్లు లేరు. ఇంట్లో ఆమె మాట్లాడే భాష వేరు, తెలుగు బళ్లో నేర్చుకుంది. ఆమెకు అక్షరాలొచ్చు, మాకు తెలుగొచ్చు, రెండూ కలిస్తే నిండు చదువు అవుతుందని మేం అనుకున్నాం. పుస్తకాల్లో ఉండే తెలుగు ఆమెదీ కాదు, మాదీ కాదు అన్న సంగతి మాకు తట్టలేదు.

పుస్తకాలు మా ఊరి గ్రంథాలయం నుంచి వచ్చేవి. సభ్యత్వం మా ఆయన పేరున ఉండేది కానీ ఆయన జన్మలో ఒక్క పేజీ తిప్పలేదు. నేనూ ధర్మీ పోయి తెచ్చుకునేవాళ్లం. అక్కడ కూర్చునే హన్మంతు సారుకు ఒక అలవాటు. పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు "ఎట్లుంది?" అని అడిగి, జవాబు చెప్పిందాకా ఇంకో పుస్తకం ఇచ్చేవాడు కాదు. పాపం, ఆ గదిలో పేపరు చూసిపోయే వాళ్లే తప్ప ఆయనతో పుస్తకం గురించి మాట్లాడే దిక్కు లేదు. అందుకే ప్రతి పుస్తకం అయిపోగానే వసారాలో మేం అభిప్రాయం తయారు చేసుకునేవాళ్లం. ఆ అభిప్రాయాన్ని ధర్మి ఆయనకు అప్పజెప్పేది.

లస్మవ్వ అభిప్రాయం ఎప్పుడూ ఒకటే. "గన్ని పేజీలు చదివినవ్, ఒక్కడన్న బువ్వ తిన్నడానె? రాజులు తినరా? తినకుండ యుద్ధాలెట్ల చేస్తరు?" చారిత్రక నవలలంటే ఆమెకు అందుకే గురి లేదు. ఎండకాలంలో వారపత్రికల వాళ్లు వేసే వేసవి సంచిక నవలలంటే అసలే పడేవి కావు. వాటిలో అమ్మాయిలు ఎండలకు తాళలేక ఊటీ పోతారు. అక్కడ చలికి శాలువా కప్పుకుంటారు. శాలువా జారితే ఒకబ్బాయి తీసి ఇస్తాడు. "ఎండకాలంల చలిపెట్టే ఊరు ఉంటదా? రాసెటోనికి సిగ్గు లేకుంటె చదివెటోళ్లకన్న ఉండాలె" అని లస్మవ్వ తీర్పు చెప్పేది. ఊటీ అనే ఊరు లేదని మేమందరం ఏకగ్రీవంగా నమ్మాం. నాకు ఇప్పుడు నవ్వు రాదు, ఏడుపు వస్తుంది, ఎందుకంటే లేని ఊరిని ఒకదాన్ని అంతకంటే గట్టిగా నమ్మాం.

ధర్మి భర్త మంగ్యా బావులు తవ్వేవాడు. బండరాయికి తూటా పెట్టి పేల్చడంలో అతనికి మంచి పేరు. మా పక్క గది కిరాయికి తీసుకుని ఇద్దరూ కాపురం పెట్టారు. పిల్లలు లేరు. డెబ్బై రెండులో కరువొచ్చి ఇక్కడ బావులు తవ్వించే రైతే లేకపోయాడు. మహారాష్ట్రలో పని ఉందని ఒక గుంపు డోంగ్లి మీదుగా అవతలికి పోతుంటే వాళ్లతో కలిసి పోయాడు. మొదట్లో వచ్చేపోయే వాళ్లతో మంచిచెడ్డ కబురు పంపేవాడు. తర్వాత అదీ ఆగిపోయింది. గుంపు ఎటు పోయిందో, లాతూరు దాటి ఏ పల్లెలో ఉందో చెప్పేవాళ్లు లేరు. "వస్తడు తియ్యి, నీ ఫికర్ నీకుండనీ, ముందు కథ చదువు" అని మేం అనేవాళ్లం. ఆమె చదివేది. సాయంత్రం బోధన్ దిక్కు నుంచి బస్సు వచ్చిన చప్పుడు వినపడితే మాత్రం, కథ ఎంత మంచి పట్టులో ఉన్నా, లేచి సందు చివరి దాకా పోయి వచ్చేది.

డెబ్బై నాలుగు ఎండకాలంలో ఒక చారిత్రక నవల తెచ్చుకున్నాం. అట్ట లేదు, చివరి కాగితాలు కొన్ని లేవు. ఒక కోట, కోటలో ఒక సేనాపతి, అతనికి కొత్తగా పెళ్లయిన భార్య. సేనాపతి యుద్ధానికి పోతాడు. ఆమె రోజూ కోటగుమ్మంలో నిలబడి ఉత్తరం దిక్కు చూస్తుంది. ఈ పుస్తకానికి మాత్రం లస్మవ్వ కూడా బువ్వ మాట ఎత్తలేదు. ధర్మి చదువుతూ చదువుతూ సందు చివరికి చూస్తుంటే మేం చూడనట్టు తలలు వంచుకుని బీడీలు చుట్టాం. మిగిలి ఉన్న చివరి పేజీలో ఇట్లా ఉంది: సేనాపతి వీరస్వర్గమలంకరించెను.

"ఏందేంది?" అంది లస్మవ్వ.

"వీరస్వర్గం అలంకరించిండు" అని ధర్మి విడగొట్టి చదివింది.

"గదేడుంటది?"

ఎవరికీ తెలియదు. కోటకు ఉత్తరాన అని ఒకామె అంది. అలంకరించడం అంటే తోరణాలు కట్టడం, రంగులు వేయడం, ఆ మాత్రం మాకు తెలుసు. యుద్ధం గెలిచి, వీరస్వర్గం అనే ఊరు పట్టుకుని, దాన్ని ముస్తాబు చేసుకున్నాడన్న మాట.

"ఊరు ఊరకే ఎందుకు ముస్తాబు చేస్తడే? లగ్గం ఉంటెనే చేస్తరు" అంది లస్మవ్వ. "గాడ ఇంకోదాన్ని చేసుకున్నడు. గీడ గీమె గుమ్మంల నిలవడ్డది. మొగోళ్ల బుద్ధే గంత."

కాదనడానికి మా దగ్గర ఏమీ లేదు. చివరి కాగితాలు ఉండి ఉంటే భార్య గాజులు తీసినట్టో, ఏడ్చినట్టో రాసి ఉండేది, అప్పుడు మాకూ తెలిసేది. ఆ కాగితాలు ఎవరు చింపుకుపోయారో గానీ మా కొంప ముంచారు. ధర్మి పుస్తకం మూసి దాని మీద చెయ్యి పెట్టింది. "ఏ ఊర్ల ఉన్నడో ఎరికె గదా. పోయి తెచ్చుకోవాలె. నిలవడితె వస్తడా?" అంది. ఈసారి హన్మంతు సారుకు చెప్పాల్సిన అభిప్రాయం అదేనని ఖాయం చేసుకున్నాం.

పుస్తకం వాపసు ఇవ్వక ముందే ఆ మనిషి వచ్చాడు. తెల్ల ధోవతి, చేతిసంచి, నుదుటన విభూతి. తూర్పు జిల్లాల నుంచి పోయి మహారాష్ట్రలో ఒక గుత్తేదారు దగ్గర లెక్కలు రాసే పంతులట. మంగ్యా భార్య ఎవరని అడిగి, వసారా అంచున కూర్చున్నాడు. ధర్మి చెంబుతో నీళ్లిచ్చింది. ఆయన తాగలేదు, రెండు చేతుల మధ్య పట్టుకుని కూర్చున్నాడు.

"మనసు గట్టి చేసుకోవాలమ్మా" అన్నాడు. "బావిలో ఉన్న ఇద్దరినీ పైకి చేర్చి, మీవాడు వీరస్వర్గమలంకరించాడు."

మేమందరం ఒక్కసారి తలెత్తాం. నిన్నటి దాకా పుస్తకంలో ఉన్న ఊరు మా వసారాలోకి వచ్చి పడింది. ధర్మి ముఖంలో మొదట కనబడింది సంతోషమే. రెండేళ్ల తర్వాత అతను ఎక్కడున్నాడో తెలిసింది మరి.

"గాడ... మంచిగున్నడా?" అని అడిగింది.

పంతులు ఆమె వంక జాలిగా చూశాడు. "ఇక ఆయనకు ఏ బాధా లేదు తల్లీ. మాఘమాసంలో జరిగింది. నీకు కబురు పంపే వీలు లేకపోయింది. అన్నీ మేమే దగ్గరుండి శాస్త్రోక్తంగా జరిపించాం."

"మాఘమాసంలనా?" అంది లస్మవ్వ. మాఘం పెళ్లిళ్ల నెల. ఆమె నా వైపు చూసింది, నేను ఆమె వైపు చూశాను. ధర్మి ముఖంలో సంతోషం చచ్చిపోవడం మేమందరం చూశాం.

పంతులు సంచిలోంచి ఒక వెండి కడెం తీసి ధర్మి ముందు పెట్టాడు. పెళ్లిలో ధర్మి తండ్రి అల్లుడి చేతికి తొడిగిన కడెం అది. "ఇక ఆయన లేడనే అనుకోవాలి. నీ బతుకు నువ్వు చూసుకోవాలి" అని చేతులు జోడించాడు. ఆయనకు బస్సు వేళయింది. కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు. చచ్చిపోయాడన్న ఒక్క మాట నోటితో అనలేక ఆ మంచిమనిషి అన్ని మాటలు వాడాడు. అన్నిటినీ మేం తప్పుగానే విన్నాం. కన్నీళ్లు పెట్టుకుంటే, అవతలి ఆడదాని పెళ్లి దగ్గరుండి చేయించినందుకు సిగ్గుపడుతున్నాడని అనుకున్నాం.

"కడెం వాపస్ పంపిండంటె ఇగ నీకు నాకు ఏం లేదనే" అంది లస్మవ్వ. వాళ్ల తండాల్లో పెళ్లి సొమ్ము తిప్పి పంపితే అర్థం అదేనని ధర్మికి ఒకరు చెప్పనక్కర్లేదు.

నెల రోజుల పాటు ధర్మి మంగ్యాను తిట్టింది. అంత మెత్తని మనిషికి అన్ని తిట్లు ఎక్కణ్నుంచి వచ్చాయో! "వాని పాడె గట్ట! వాన్ని బాయిల బండ మింగ!" అనేది. అవి ఎవరైనా తిట్టే తిట్లే, మేమూ మా మొగుళ్లను రోజూ తిడతాం. ఆమె తిడుతుంటే మేమూ తలా ఒకటి అందించాం. దుఃఖం కంటే కోపం నయమని నేననుకున్నాను. కోపంలో ఆమె అన్నం తినేది, గట్టిగా మాట్లాడేది. సాయంత్రం బస్సు చప్పుడుకు లేవడం మానేసింది.

తర్వాత తండాకు పోయి పంచాయతీ పెట్టింది. నేనూ వెంట పోయాను. మామ లాల్‌సింగ్ తండాలో మాట చెల్లే మనిషి. తండా పెద్ద నాయక్ ముందు ధర్మి మొత్తం చెప్పింది: వీరస్వర్గం, మాఘంలో లగ్గం, కడెం. ఆ ఊరు ఎక్కడుందని నాయక్ అడిగితే, "పుస్తకంల ఉన్నది, అబద్ధమైతె పుస్తకంల ఎందుకుంటది?" అంది. చదువుకున్న కోడలు. చెప్పింది నమ్మారు. లాల్‌సింగ్ లేచి నిలబడ్డాడు. తలపాగా తీసి కోడలి కాళ్ల దగ్గర పెట్టాడు. చెంబెడు నీళ్లు నేల మీద ఒంపి, "ఇయ్యాల్టి నుంచి వాడు నాకు సచ్చినట్టె" అన్నాడు. పక్కన అత్త దేవీబాయి కొంగు నోట్లో కుక్కుకుంది. ధర్మికి న్యాయం జరిగిందని అందరూ అన్నారు. నేనూ అన్నాను.

ఆ తర్వాత వారం ఇద్దరం పుస్తకం వాపసు ఇవ్వడానికి గ్రంథాలయానికి పోయాం. గడువు దాటిపోయినా హన్మంతు సారు ఏమీ అనలేదు. ఎప్పటిలాగే అడిగాడు.

"ఎట్లుందమ్మా?"

"కథ మంచిగనె ఉన్నది సార్. గని సేనాపతి పెండ్లాముది తప్పు."

సారు ముఖం వెలిగిపోయింది. కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఏం తప్పు?"

"మొగడు ఏడున్నడో తెలిసినంక గుమ్మంల నిలవడుడేంది? పోయి రెక్క పట్టి గుంజుకరావాలె. రాకుంటె నలుగురిల నిలబెట్టి అడగాలె. నేనైతె గదే చేస్త."

"ఏడికి పోతది?"

"వీరస్వర్గం."

ఆయన నవ్వాడు. వెక్కిరింపుగా కాదు, ధర్మి చమత్కారం చేసిందనుకుని మనసారా నవ్వాడు. "భలే అన్నవమ్మా! సచ్చిన మొగన్ని గుంజుకొస్తె కథనే మారిపోతది" అన్నాడు.

"సచ్చుడేంది సార్? ఊరు అలంకరించిండు."

"ఊరు కాదమ్మా. యుద్ధంల పానం పోతె గట్లనే రాస్తరు. సచ్చిండంటె మర్యాద ఉండదు గదా, వీరస్వర్గం అలంకరించిండంటరు."

నేను బల్ల పట్టుకున్నాను. ధర్మి మాత్రం కదలలేదు. చిన్నపిల్ల పాఠం అడిగినట్టు ఒక్కొక్క మాటే అడిగింది.

"యుద్ధం లేకున్న అంటరా సార్? కూలి చేసెటోన్ని అంటరా?"

"పక్కోన్ని కాపాడబోయి పానం ఇడిస్తె అంటరు. ఎందుకనద్దు?"

"అన్నీ జరిపించినం అంటె?"

"దినాలు, కర్మలు. సచ్చినంక చేసేటియి."

"ఏ బాధ లేదంటె?"

"సచ్చినోనికి ఏం బాధుంటది?" అని ఆయన ఇంకా కథలోనే ఉండి జవాబు చెప్పాడు. తర్వాత అలమర వైపు తిరిగి, ఎండకాలం కదా, బరువు పుస్తకాలు వద్దులెమ్మని, ఒక సన్నపాటి నవల తీసి ఇచ్చాడు. "ఇది చదువుండ్రి. ఊటీల నడుస్తది. మస్తు నవ్వొస్తది." ధర్మి దాన్ని తీసుకుని చంకలో పెట్టుకుంది. బయటికి వచ్చింది. గేటు దాటాక, "అక్కా, నేను వాన్ని ఏమేం తిట్టిన?" అని అడిగింది. ఆమెకు అన్నీ గుర్తే.

ఇంటికి రాకుండా అట్నుంచి అటే తండాకు పోయాం. లాల్‌సింగ్ గుడిసె ముందు కూర్చుని తాడు పేనుతున్నాడు. ధర్మి ఎదురుగా నిలబడి వాళ్ల భాషలో, "మంగ్యా మర్‌గో" అంది. చచ్చిపోయాడని. ఆ రెండు మాటలు నాకు కూడా అర్థమయ్యాయి. ముసలాయన తలెత్తలేదు. నేనున్నానని తెలుగులోనే జవాబిచ్చాడు.

"నాకు గా దినమే సచ్చిండు బిడ్డా. ఎన్నిసార్లు తిట్టుకుంటవ్? ఊకో."

ఆమె మళ్లీ అంది. మళ్లీ ఆయన తిట్టే అనుకున్నాడు. ఆ చావు మాటను మేం నెల రోజులుగా తిట్టుకు వాడి వాడి అరగదీశాం, ఇప్పుడు నిజానికి అది పనికిరాలేదు. చివరికి ధర్మి నేల మీద కూలబడి, సారు చెప్పిన ఒక్కొక్క అర్థం ఆయనకు వివరించింది. ఆయన చేతిలో తాడు ఆగింది.

"పంతులు సచ్చిండని చెప్పిండా?" అని అడిగాడు.

"గా మాట అనలే మామా. గని..."

"వాడు ఊరు పట్టుకున్నడని నువ్వే అంటివి. పుస్తకంల ఉన్నదంటివి. నేను నలుగురిల పగిడీ తీస్తి. గిప్పుడు గదే పుస్తకం సచ్చిండంటున్నదా? పుస్తకానికి రెండు నాలుకలుంటయానె?"

లోపలి నుంచి దేవీబాయి ఏడుపు మొదలైంది. ఆమెకు ఎవరూ అర్థం చెప్పలేదు, కోడలి గొంతు విని తెలుసుకుంది. లాల్‌సింగ్ గద్దించాడు. "బతికున్నోన్ని ఏడిస్తె ఆయుష్షు తక్కువైతది, నోరు మూయ్!" ధర్మి భుజం మీది గాజులు ఒకటొకటే తీయబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. "నా కొడుకు ఉండంగ నా ఇంట్ల గాజులు తియ్యద్దు. ఇంకోదాన్ని చేసుకున్నడు, గంతే. లుచ్చగాడు. ఉన్నడు."

ఆ ముసలాయన మీద నాకు అప్పుడు ఒళ్లుమండింది. బాన్సువాడ దాకా తిట్టుకుంటూ వచ్చాను. ఇప్పుడు తిట్టలేను. కొడుకు చచ్చాడని ఒప్పుకుంటే, ఇద్దరి ప్రాణాలు నిలిపి చచ్చిన కొడుకును నాయక్ ముందు నీళ్లొదిలి వెలివేశానని కూడా ఒప్పుకోవాలి. అది ఏ తండ్రి వల్ల అవుతుంది? చెడిపోయిన కొడుకైనా సరే, బతికి ఉన్న కొడుకే ఆయనకు కావాలి.

మా ఆయన మహారాష్ట్ర పోయివచ్చే వాళ్లందరినీ అడిగాడు. మోతీరాం అనే బావుల పనివాడు ఒక రెండు ఊళ్లు తిరిగి విచారించాడట కూడా. ఆ గుత్తేదారు ఎక్కడికో వెళ్లిపోయాడు. పంతులు ఏ ఊరివాడో మేం అడగనే లేదు. అడగాలని తోచలేదు, అప్పుడు మాకు ఆయన పెళ్లిపెద్ద కదా. చనిపోయాడని సాక్ష్యం చెప్పేవాళ్లు ఎవరూ దొరకలేదు. ఉన్నదల్లా ఒక మాట, దానికి మేం చెప్పిన రెండు అర్థాలు. తండా మొదటి అర్థాన్నే ఉంచుకుంది.

ఊటీ నవలను ధర్మి వసారాలో చదివింది. వద్దని అందరం అన్నాం. బీడీలు మీరు చుట్టిచ్చారు, నేను చదవాల్సిందేనని మొండికేసింది. గొంతులో ఏ మార్పూ లేకుండా, ఎక్కడా ఆగకుండా, మొదటి నుంచి చివరి దాకా చదివేసింది. లస్మవ్వ ఒక్కసారి కూడా ఆగమనలేదు. పుస్తకం అయిపోయాక ఎవరం అభిప్రాయం చెప్పలేదు. అది తిరిగివ్వడానికి నేనొక్కదాన్నే పోయాను. "ఎట్లుంది?" అని సారు అడిగితే "మంచిగుంది" అని చెప్పి వచ్చేశాను. ఆ తర్వాత మా వసారాకు పుస్తకం రాలేదు. ధర్మి తన బీడీలు తానే చుట్టుకునేది. ఇన్నాళ్లూ చదువుతూ కూర్చోవడం వల్ల వేళ్లకు ఒడుపు పోయింది. కార్ఖానా ఆయన సగం ఏరి పారేసేవాడు.

నేను వయోజన విద్యలో అక్షరాలు నేర్చుకున్నది ఆ తర్వాతే. ఆ చదువు కొన్నేళ్ల ముందు వచ్చి ఉంటే ఏమయ్యేదని ఎన్నోసార్లు అనుకున్నాను. ఏమీ అయ్యేది కాదేమో. మంగ్యా మాఘంలోనే చచ్చిపోయాడు. మేం అతన్ని తిట్టకుండా ఏడ్చి ఉండేవాళ్లం, అంతే తేడా. కానీ ఆ తేడా కోసమే ధర్మి బతుకంతా కొట్టుకుంది. భర్త పోయిన ఆడదానికి ఏడ్చే హక్కు ఉంటుంది. తోటి ఆడవాళ్లు వచ్చి మెడ మీద తలపెట్టి ఏడుస్తారు. ఆమెకు అది దక్కలేదు. పండక్కి తండాకు పోతే, మొగుడు వదిలేసిన ఆడదానిగానే చూశారు. ఆమె భుజాల మీద గాజులు అట్లాగే ఉన్నాయి.

ఎనభై ఒకటిలో లాల్‌సింగ్‌కు ఊపిరి ఆడకుండా అయింది. బాన్సువాడ దవాఖానకు తెచ్చారు. చేసింది ధర్మే. గంజి తాగించడం, ఒళ్లు తుడవడం, అన్నీ. చివరి రోజు నేను అక్కడే ఉన్నాను. ఆయన కోడలిని దగ్గరికి పిలిచాడు. మాట సరిగా రావడం లేదు.

"వాడొస్తె కొట్టకుండ్రి. ఇంట్లకు రానియ్యుండ్రి" అన్నాడు.

ధర్మి నా ముఖం వైపు చూసింది. అప్పుడు ఆమెకు నిజం చెప్పాలని ఉందో, ఆయన నోట ఆ మాట మార్పించాలని ఉందో నాకు తెలియదు. వంగి, "రానిస్త మామా" అంది.

తండాలో శవం చుట్టూ ఆడవాళ్లు కూర్చుని రాగం తీసి ఏడుస్తున్నారు. ధర్మి మధ్యలో కూర్చుంది. మొదట మామను తలచుకుని ఏడ్చింది. తర్వాత ఆమె నోట మంగ్యా పేరు వచ్చింది. ఒకసారి వచ్చాక ఇక ఆగలేదు. ఏడేళ్ల ఏడుపు, నేల మీద తల కొట్టుకుంటూ, అతని పేరే పెట్టి ఏడ్చింది. చుట్టూ ఉన్నవాళ్ల రాగం ఆగిపోయింది. ఒక ముసలామె గబగబా వచ్చి ధర్మి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఊకో బిడ్డా, బతికున్నోని పేరు పెట్టి ఏడుస్తరానె?" అంది.